లష్కర్‌లో గుక్కెడు గుక్కెడు బీరు: రుచి చూసే విద్య మన కల్లుకు పనికిరాదా?

సికింద్రాబాద్: బీరు నోట్లో పోసుకునే ముందు గ్లాసును దీపం వెలుతురుకు ఎత్తి రంగు చూస్తారు. తరువాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీలుస్తారు. చివరకు గుక్కెడు తాగి, వెంటనే మింగక నాలుక మీద అటూ ఇటూ తిప్పుతారు. పక్కనున్నవారితో దాని గుణదోషాలు చర్చించి, కాసిని మంచినీళ్లు తాగి రెండో గ్లాసు అందుకుంటారు. ఆరు రకాల బీర్లు, ఆరు చిన్న గ్లాసులు, రెండు గంటల కాలక్షేపం. మన వైపు ఇంతసేపు పరీక్ష చేసేది అంగట్లో ఎద్దులను కొనేటప్పుడే!

జంటనగరాలలో ఇటువంటి 'రుచుల రాత్రులు' ఇప్పుడు వింత కాదు. సీసాల్లో వచ్చే కంపెనీ బీరు కాకుండా, హోటలు ఆవరణలోనే నిలువెత్తు స్టీలు పీపాలు నిలబెట్టి, అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మే పద్ధతి ఒకటి వచ్చింది. దీనిని మైక్రో బ్రూవరీ అంటున్నారు. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడాన్ని 1978లో చట్టం ఒప్పుకున్నాక ఈ చిన్న బట్టీలు అక్కడ ఊరూరా లేచాయి. మన దేశంలో 2009 ప్రాంతంలో పూణే, గుర్గావ్‌లలో మొదలై, బెంగుళూరులో బాగా పాతుకుని, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం అనుమతులివ్వడంతో మన రాజధానికీ చేరింది.

తాగుడు గురించి ఇంత వివరంగా రాయడమేమిటని పాఠకులలో కొందరు, ముఖ్యంగా సోదరీమణులు, నొచ్చుకోవచ్చు. వారి కోపం న్యాయమైనదే. అయితే ఈ వ్యాసం బీరును పొగడడానికి రాస్తున్నది కాదు. గత చలికాలంలో అటువంటి ఒక రాత్రికి ఈ విలేఖరి వెళ్లడం తటస్థించింది. వెంట మా ఊరి గీత కార్మికుడు ఒకరు వచ్చారు. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా చెట్టు ఎక్కుతున్నవాడు. ఆయన మేనల్లుడు అక్కడి పీపాలు కడిగే పనిలో ఉండడం వల్ల మాకు లోపలికి దారి దొరికింది. అక్కడ చూసినది, విన్నది మన కల్లు మండువాలకు సంబంధించిన సంగతి అనిపించి రాయవలసి వచ్చింది.

లష్కరుకు బీరు పాత చుట్టమే

మెదక్, తూప్రాన్ల నుంచి బస్సులో జూబ్లీ బస్ స్టేషనుకు పోయేవారికి దారి తెలిసిందే. ఆ చుట్టుపక్కలే బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానా. ఇదంతా ఒకనాటి ఇంగ్లీషు పటాలాల స్థలం. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద ఈ కంటోన్మెంటు ఊరికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. మనవాళ్లు మాత్రం నేటికీ 'లష్కర్' అనే అంటారు. లష్కర్ అంటే సైన్యం.

సైన్యం ఉన్నచోట తెల్ల సిపాయి ఉంటాడు, తెల్ల సిపాయి ఉన్నచోట బీరు పీపా ఉంటుంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో కాచిన బీరు ఓడలెక్కి, ఆఫ్రికా ఖండం కొసను చుట్టి, నాలుగైదు నెలలకు మన రేవులు చేరేది. సూయజ్ కాలువ తెరిచింది 1869లో గదా! అంత దూరం, అంత ఎండలో పీపాలోని సరుకు పులిసి చెడకుండా ఉండాలంటే హాప్స్ అనే చేదు పువ్వులు బాగా దట్టించాలి. లండన్‌లో హాడ్జ్‌సన్ అనే ఆసామి బట్టీ నుంచీ, 1820ల తరువాత బర్టన్ అనే ఊరి నుంచీ ఇటువంటి చేదు బీరు మన దేశానికి విరివిగా వచ్చింది. దానికే తరువాత 'ఇండియా పేల్ ఏల్' అని పేరు స్థిరపడింది. మన దేశం కోసమే ఎవరో దాన్ని కొత్తగా కనిపెట్టారని హోటళ్లలో ఒక కథ చెబుతారు. అంత నమ్మనక్కరలేదు. చేదు బీరు ఇంగ్లండులో అంతకు ముందునుంచీ ఉన్నదే.

తరువాత ఇక్కడే కాచడం మొదలైంది. హిమాలయాల్లో కసౌలి వద్ద ఎడ్వర్డ్ డయ్యర్ అనే ఇంగ్లీషు వాడు బట్టీ పెట్టాడు. దక్షిణాదిలో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు వాడు 1915లో అయిదు బట్టీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ నెలకొల్పాడు. ఆ కంపెనీ పీపాలు ఎడ్ల బండ్ల మీద పటాలాలకు చేరేవట. ఇప్పుడు ఆ కంపెనీవి, దాని పోటీ కంపెనీలవి పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు మన సంగారెడ్డి వైపే ఉన్నాయి. బీరు తీసిన తరువాత మిగిలిన బార్లీ పిప్పి పాడి పశువుల దాణాగా పోవడం మన రైతులకు తెలిసిన విషయమే. ఉమ్మడి మెదక్ జిల్లాలో బీరు తాగనివాడు ఉండవచ్చు గాని, బీరు పిప్పి తిన్న బర్రె పాలు తాగనివాడు అరుదు.

ఆరు గ్లాసులు

ఇక ఆ రాత్రి సంగతి. బల్ల మీద ఒక చెక్క పలక పెట్టారు. దానికి ఆరు గుంటలు, గుంటకో చిన్న గ్లాసు. ఒక్కొక్క దానిలో పట్టుమని నాలుగు గుక్కలు. ఈ పలకకు తీసుకున్న పైకంతో మా ఊళ్లో ఒక మనిషి వారం రోజులు కల్లు తాగవచ్చు. వచ్చినవారు ఇరవై మంది దాకా ఉంటారు. కంప్యూటరు కంపెనీల ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు రిటైరైన మిలిటరీ ఆఫీసర్లు, నలుగురైదుగురు ఆడవారు కూడా. బీరు కాచే కుర్రవాడు చదువుకున్నవాడు. ముందు నిలబడి ఒక్కొక్క గ్లాసు గురించి చెబుతూ పోయాడు.

మొదటిది లాగర్. షాపుల్లో దొరికే సీసా బీరుకు దగ్గరిది. చలువ గదిలో, పది డిగ్రీల చల్లదనంలో వారాల తరబడి మెల్లగా పులిసేది. తేటగా, పసుపుగా ఉంటుంది. దాని గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

రెండవది గోధుమ బీరు. ఇది తేటగా ఉండదు. గంజి తేటలా మబ్బుగా ఉంటుంది. వాసన చూస్తే పండిన అరటిపండు, ఆ వెనుక లవంగం! నిజంగా అరటిపండు వేశారేమోనని అడిగితే కుర్రవాడు నవ్వి, ఒక్క ముక్క కూడా వేయలేదన్నాడు. పులియబెట్టే ఈస్టు జాతిని బట్టి ఆ వాసన పుడుతుందట. జర్మనీలోని బవేరియా సంస్థానంలో 1516లోనే బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ వేయరాదని శాసనం చేశారు. గోధుమలు రొట్టెలకు మిగలాలని రాజుల ఆలోచన. ఈస్టు మాట ఆ శాసనంలో లేదు. కంటికి కనపడని ఆ ప్రాణి సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. లూయీ పాశ్చర్ బీరు మీద పరిశోధన చేసి పుస్తకం వేసింది 1876లో.

ఈ గోధుమ బీరు తాగి మా పెద్దాయన, "గడ్క మీది తేట లెక్కున్నది బిడ్డా. ఇది కడుపుల సల్లగుంటది" అన్నాడు. మెచ్చుకున్నట్టే లెక్క.

మూడవ దానిలో ధనియాలు, నారింజ తొక్క వేశారు. బెల్జియం దేశపు పద్ధతి. నాలుగవది ముందు చెప్పిన 'ఇండియా' చేదు బీరు. వాసన మామిడి జీడి, నిమ్మతొక్క కలిసినట్టు బాగానే ఉంది. నోట్లో పడ్డాక మాత్రం పెద్దాయన ముఖం చిట్లించి, "వేపాకు నమిలినట్టున్నది. దీనికి పైసలిచ్చి తాగుతరా?" అన్నాడు. పక్క బల్ల వారికి అదే అన్నిటికన్నా నచ్చింది. ఆ హాప్స్ పువ్వులు మన నేలలో పండవు. జర్మనీ, అమెరికాల నుంచి తెప్పిస్తారు. బార్లీ రాజస్థాన్, హర్యానాల వైపు పంట. నీళ్లు తప్ప ఆ గ్లాసులో మన ఊరి సరుకంటూ ఏమీ లేదన్నమాట.

అయిదవది నల్లగా, మాడ్చిన బార్లీతో చేసిన స్టౌట్. కాఫీ కషాయంలా ఉంటుంది. పెనం మీద మాడిన జొన్నరొట్టె అంచు ఇష్టపడేవారికి ఇది కూడా ఇష్టమవుతుంది.

ఆరవది పుల్ల బీరు. గ్లాసు అందుకుని పెద్దాయన ముందు వాసన చూశాడు. అక్కడివారిని చూసి నేర్చుకున్నది కాదు, లొట్టి దించిన ప్రతిసారీ ఆయన చేసే పనే అది. గుక్కెడు తాగి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మేనల్లుడి వైపు తిరిగి, "ఏందిర ఇది? పొద్దటి కల్లు మాపటికి గిట్లనే అయితది గదా. ఇది మన తీరుదే" అన్నాడు.

మేనల్లుడు కంగారుగా, "మామా, మెల్లగ మాట్లాడు" అన్నాడు గాని, బీరు కాచే కుర్రవాడు విని మా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. మిగతా రాత్రంతా మా పెద్దాయనను ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. మాకు అందించవలసిన బీరు సంగతి కూడా మరచిపోయాడనవచ్చు.

బట్టీకి రెండు వారాలు, చెట్టుకు ఒక పూట

వారిద్దరి సంభాషణలో తేలిన విషయం ఇది. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, పొడి చేస్తారు. దాన్ని 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ నీటిని వడగట్టి, హాప్స్ వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు కలిపి, తాళం వేసిన పీపాలో రెండు నుంచి నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. కరెంటు పోతే జనరేటరు. పీపాలో ఏ మూల మురికి ఉన్నా సరుకంతా మోరీ పాలు. మేనల్లుడు రోజంతా కడిగేది అందుకే.

తాటి చెట్టు, ఈత చెట్టు ఈ పని అంతా తమంత తామే చేస్తాయి. గొల కొసను పొద్దునా సాయంత్రం పలచగా చెక్కితే కారే నీరాలో నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెర సిద్ధంగా ఉంటుంది. మొలకెత్తించనక్కరలేదు, మరగబెట్టనక్కరలేదు. గాలిలో, లొట్టి అడుగున, గొల మీద ఉండే ఈస్టు, సూక్ష్మజీవులు కారే చుక్కతోనే పని మొదలుపెడతాయి. లొట్టి దించేసరికే సగం పులిసి ఉంటుంది. ఒక పూట గడిస్తే నూటికి నాలుగైదు పాళ్ల మత్తు ఎక్కుతుంది, అంటే మామూలు సీసా బీరుతో సమానం. మరునాటికి పులుపు ముదురుతుంది. ఆ పైన అది సిర్కా. పులియకూడదనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, తియ్యటి నీరా దిగుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మేది ఇదే.

"మీరు రోజూ ఒకే లొట్టిని కడగకుండా కడతారా?" అని కుర్రవాడు అడిగాడు. "కడుగుతం. కని మరీ తోమితే తెల్లారి కల్లు పొంగది" అని పెద్దాయన జవాబు. కుర్రవాడు అది విని తన ఈస్టు డబ్బా తెచ్చి చూపించాడు. పాత పీపా అడుగున మిగిలిన మడ్డిని తీసి కొత్త పీపాకు వాడుకోవడం తమ దగ్గరా ఉన్నదేనట. ఇద్దరి చదువులూ వేరు, పని మాత్రం ఒకటే అని ఈ విలేఖరికి అనిపించింది.

రెండిటికీ ఇంకో పోలిక ఉంది. కంపెనీ బీరును సీసాలో పోసి 60 డిగ్రీల దాకా వేడి చేసి, అందులోని ప్రాణిని చంపి పంపుతారు. అందుకే అది నెలల తరబడి నిలువ ఉంటుంది, జహీరాబాద్‌లో తాగినా జగిత్యాలలో తాగినా ఒక్క తీరుగా ఉంటుంది. బట్టీ బీరు అట్లా కాదు. అందులో ఈస్టు బతికే ఉంటుంది. దూరం పోలేదు, నిలువ ఉండదు, ఒక పీపాకూ మరో పీపాకూ కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడా కోసమే పట్నం వారు డబ్బులు పోస్తున్నారు. సరిగ్గా ఇదే గుణం కల్లుకు మొదటినుంచీ ఉంది. మన దగ్గర అదే దాని పాలిట శాపమైంది.

ఒకే 'తెల్ల కల్లు'

రుచి చూడడం మనవారికి తెలియని విద్య కాదు. మా పెద్దాయన ఆ రాత్రి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. చలికాలంలో ఈత కల్లు తియ్యగా, పలచగా ఉంటుంది. ఎండలు మొదలయ్యాక తాటి కల్లు. అందులో మగ చెట్టు పోద్దాటి కల్లు వేరు, ఆడ చెట్టు పండుతాటి కల్లు వేరు. పరుపుతాటి కల్లు కోసం ఎదురుచూసేవారు వేరే ఉంటారు. పొద్దటిది తీపి, మాపటిది ఘాటు. చెరువు కట్ట మీది చెట్టు కల్లుకూ, చెలక గట్టు మీది చెట్టు కల్లుకూ తేడా చెప్పగలవారు పాత తరంలో ఊరికి నలుగురైదుగురు ఉండేవారు. మన్యం అడవుల జీలుగు కల్లు సంగతి సరేసరి. తాటాకు రేకలో పట్టి, ఒక్క గుక్కలో ఇది ఏ చెట్టుదో చెప్పి పందెం గెలిచినవారి కథలు మన ఊళ్లలో ఎన్ని లేవు?

ఇప్పుడు మండువాకు పోయి ఏ కల్లని అడిగితే దుకాణదారు వింతగా చూస్తాడు. సీసాల్లో నింపిన ఒకే 'తెల్ల కల్లు'. వానాకాలంలో ఎంతో ఎండాకాలంలో అంతే. పొద్దున ఏ రుచో రాత్రి అదే రుచి. ఊరి చుట్టూ గీసే చెట్లు ఎన్ని, దుకాణంలో రోజుకు లేచే సీసాలు ఎన్ని అని వేళ్ల మీద లెక్క వేసుకుంటే చాలు, సంగతి బోధపడుతుంది.

ఆ తేడాను పూడ్చేది నీళ్లు, సాకరిన్, తెల్లపొడి. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తరువాత డైజిపామ్, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. ఇవన్నీ నిద్రకూ, ఆందోళనకూ డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతపు దుకాణాలలో కల్లు తాగి పదుల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. నమూనాలలో అల్ప్రాజోలం బయటపడింది. అంతకు పదేళ్ల ముందు, 2015 సెప్టెంబరులో, తనిఖీలు పెరిగి మందు కలిపిన కల్లు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మన మెదక్ జిల్లాల్లో వందలాది మంది ఫిట్స్ వచ్చి, తమలో తాము మాట్లాడుకుంటూ, మంచాలకు కట్టేయవలసిన స్థితిలో ఆసుపత్రులకు చేరడం మన కళ్ల ముందు జరిగినదే. వారు అలవాటు పడింది కల్లుకు కాదు, మందుకు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తెల్లపొడిని నాలుకతో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కొద్దిపాటి చేదు ఉన్నా సాకరిన్ దాన్ని కప్పేస్తుంది. ప్రయోగశాల తప్ప వేరే దారి లేదు. నాలుక పట్టగలిగింది మరొకటి ఉంది, అది చెట్టు కల్లా కాదా అన్నది. రోజుకో తీరుగా, పూటకో తీరుగా మారని కల్లు చెట్టు కల్లు కాదు. మరునాటికి పులిసిపోని కల్లు అసలే కాదు. అలవాటు పడిన మనిషి ఒక్కసారిగా మానేసి చేతులు వణుకుతూ, నిద్ర పట్టక, పిచ్చిమాటలు మాట్లాడుతుంటే గాలి సోకిందని తాయెత్తులు కట్టించక వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే ప్రాణాపాయం.

మెక్సికో దేశంలో కలబంద వంటి ఒక పెద్ద మొక్క నుంచి కారే నీరుతో పుల్కే అనే పానీయం చేస్తారు. అచ్చం మన కల్లు వంటిదే, తెల్లగా, నురగతో, ఒకటి రెండు రోజులకు మించి నిలువ ఉండదు. బీరు ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత అది మురికి పానీయమని, పులియడానికి అందులో పేడ మూట వేస్తారని ప్రచారం జరిగింది. జనం బీరుకు మళ్లారు, పుల్కే దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ మధ్య అక్కడి యువకులే మళ్లీ దాన్ని వెతుక్కుంటూ పోతున్నారు. మన కల్లుకూ అట్లాంటి రోజు రాదా అని కొందరు గీత సంఘాల పెద్దలు ఆశపడుతున్నారు. అయితే ఒక తేడా మరువరాదు. పుల్కే మీద పడింది అబద్ధపు నింద. మన కల్లు మీద పడిన నింద చాలా చోట్ల నిజం.

అడిగేవారు లేక

బట్టీ బీరు తాగేవారు అడిగే ప్రశ్నలు ఈ విలేఖరి రాసుకున్నాడు. ఏ గింజ? ఎప్పుడు కాచారు? ఎన్ని రోజులైంది? ఎంత మత్తు? పోయినసారి కన్నా ఎందుకు పుల్లగా ఉంది? కుర్రవాడు విసుక్కోకుండా జవాబిచ్చాడు. ఇవ్వక తప్పదు, పీపా అక్కడే కనబడుతున్నది గదా. డబ్బున్నవారి వేడుక అని దీన్ని కొట్టిపారేయవచ్చు. అది నిజమే కూడా. ఆ రాత్రి బిల్లులు చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. ఆరు గ్లాసులూ అయ్యాక మళ్లీ పెద్ద గ్లాసులు తెప్పించుకుని, రంగూ రుచీ మరచి, గొంతెత్తి పాటలందుకున్న బృందం కూడా ఒకటి ఉంది. వారిలో ఒకాయనను కారు దాకా ఇద్దరు పట్టుకుని తీసుకుపోయారు. తాగుడు ఎక్కడైనా తాగుడే.

మన దగ్గర బీరు గురించి జరిగే చర్చ ధర దగ్గర ఆగిపోతుంది. 2025 జనవరిలో ధరలు, బకాయిల తగాదాతో యునైటెడ్ బ్రూవరీస్ మన రాష్ట్రానికి కింగ్‌ఫిషర్ పంపడం కొద్ది రోజులు ఆపినప్పుడు ఎంత హడావుడి జరిగిందో, ఫిబ్రవరిలో రేటు 15 శాతం పెరిగినప్పుడు ఎంత గొణుగుడు వినబడిందో గుర్తుండే ఉంటుంది. కల్లు గురించి ఆ మాత్రం గొణుగుడు కూడా లేదు. ఏమి తాగుతున్నామో అడిగే హక్కు కల్లు తాగే కూలివానికి లేదా?

అడిగినది ఎప్పుడూ ఆడవారే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారాకు ఎదురు తిరిగిన స్త్రీలు ఎవరి రుచినీ పట్టించుకోలేదు. తమ ఇంటి కూలి డబ్బు ఎక్కడికి పోతున్నదని అడిగారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్లకు పైగా నడిచి 1997లో సడలిపోయింది. హైదరాబాద్‌లో 2004లో కల్లు కాంపౌండ్లు మూతపడి, 2014 దసరాకు మళ్లీ తెరుచుకున్నాయి. మూసినప్పుడూ తెరిచినప్పుడూ ఎక్కువ చర్చ గీత కార్మికుల ఉపాధి గురించి, చెట్ల కొరత గురించి జరిగింది. ముంతలో ఏముందన్న ప్రశ్న ప్రాణాలు పోయినప్పుడే లేస్తున్నది.

ఈ మధ్యలో నలిగిపోతున్నది చెట్టు ఎక్కే మనిషి. మోకు జారితే ప్రాణం పోవడమో నడుము విరగడమో. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా పరికరాలు పంచడం మొదలుపెట్టింది. మంచి పనే. కాని ఆయన ప్రాణాలకు తెగించి దించిన లొట్టి పోయి కలిసేది తెల్లపొడి తొట్టిలో అయితే ఆ కష్టానికి విలువేమిటి? దుకాణానికి చెట్టు కల్లు కావలసింది వాసన కోసం మాత్రమే అన్న స్థితి చాలా చోట్ల వచ్చింది. కొడుకులు చెట్టెక్కడం మానేశారు. తాడు గీతకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటారు గాని, అవి ఎదిగేనాటికి గీసే చేయి ఉండాలి గదా.

లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి సాక పోసేటప్పుడు కల్లు వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆషాఢంలో చెట్టు కల్లు దొరకడం పట్నంలో ఎంత కష్టమో ఆ ఇళ్లవారిని అడిగితే తెలుస్తుంది. ఊళ్లలో చుట్టాలకు ముందే చెప్పి, పొద్దున్నే బస్సులో తెప్పించుకుంటున్నారు. అమ్మవారికి పోసేదానిలో మందు ఉండకూడదని వారి పట్టుదల. తమ మగవాళ్లు తాగేదానిలో ఉంటే పరవాలేదా అని ఒక ఇల్లాలిని అడిగితే ఆమె సమాధానం చెప్పక లోపలికి వెళ్లిపోయింది.

బీరు కాచే కుర్రవాడు ఆ రాత్రి మా పెద్దాయన ఫోను నంబరు రాసుకున్నాడు. నెల తిరక్కుండానే ఒక ఆదివారం తెల్లవారుజామున ముగ్గురు మిత్రులతో మా ఊరు వచ్చాడు. పెద్దాయన చెట్టు కిందనే మూడు లొట్లు విడివిడిగా దించి పెట్టాడు. ఈత కల్లు ఒకటి, కట్ట మీది తాడుది ఒకటి, చెలకలోని తాడుది ఒకటి. వారు రేకల్లో పట్టి, ఎండకు ఎత్తి చూసి, వాసన పీల్చి, తమలో తాము ఇంగ్లీషులో ఏదో వాదించుకున్నారు. దారిన పోయే మా ఊరివాళ్లు నలుగురు ఆగి నవ్వారు. నవ్వినవారిలో ఒకడు, రోజూ మండువాకు పోయేవాడు, తానూ ఒక రేక అడిగి తాగాడు. కాసేపాగి, కట్ట మీది చెట్టుది ఇంకొంచెం పొయ్యమన్నాడు.

అప్పటినుంచి పెద్దాయన లొట్లను కలపడం మానేశాడు. గీసేది ఏడు చెట్లే. పొద్దున ఎనిమిది గంటలకల్లా చెట్టు కిందనే అయిపోతున్నదట. మండువా వారు తమకు పోయడం లేదని ఒకసారి వచ్చి అడిగి పోయారు. ఎండలు ముదిరితే పండుతాడు మొదలవుతుంది.